పలికితే వరస

2096 ఆగస్టు 6, సోమవారం

ఈ రోజు నుంచి రాస్తున్నాను. కారణం ఒక్కటే. మా మనవరాలికి పదకొండో వరస నమోదైందని పొద్దున్న ఆరున్నరకి గోడ మీద అక్షరాలు వెలిగాయి. పన్నెండోది పడితే పిల్ల మా ఇంట్లో ఉండదు. ఈ భవనంలో జరిగే ప్రతి మాటకీ గోడల్లో ఉండి వినే యంత్రం, ఆ గోడచెవి దగ్గర లెక్క ఉంది. నా దగ్గర లేదు. ముప్పయ్యొక్క ఏళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసినదాన్ని. ఒక్క పక్షం దగ్గరే లెక్క ఉంటే రెండో పక్షం ఎప్పుడూ దొంగే. అందుకని కాగితం, పెన్ను.

నా పేరు జాహ్నవి. డెబ్బై నాలుగేళ్లు. కాకినాడ తీరంలో ఇరవై రెండు అంతస్తుల భవనం, అందులో తొమ్మిదోది మాది. కొడుకు ప్రద్యుమ్న సముద్రంలో గాలిమరల మీద పనిచేస్తాడు, ఆరు వారాలకోసారి వస్తాడు. కోడలు వల్లిక ఇంట్లో కూర్చునే రేవులో క్రేన్లు తిప్పుతుంది. ఆమెకు తల్లిదండ్రులు లేరు. నాకు భర్త లేడు. పిల్ల పేరు మంగతాయారు. ఈ కాలపు ఫ్యాషను పేర్లు నాకు గిట్టవు, వద్దని చెప్పాను, వినలేదు. తాయారుకి నేటికి ఐదేళ్ల నాలుగు నెలల ఇరవై ఆరు రోజులు. మూడు వందల పన్నెండు మంది ఉన్న ఈ భవనంలో పన్నెండేళ్ల లోపు మనిషి అదొక్కతే.

వరసల్లో మొదటి అంకె నాది. రక్తవరస అయినా లెక్కలోదే. తర్వాతి తొమ్మిది మంది లాటరీలో వచ్చారు. తాయారుకి మూడేళ్లు నిండిన రోజున మనవలు లేని వాళ్ల పేర్లలోంచి ప్రభుత్వం తీసింది. వాళ్లని ఆపడం మన చేతిలో లేదు. ఒక్కొక్కరికి వారానికి ఏడు గంటలు. లాటరీలో పేరు రాని వాళ్లకి ఇంకో దారి ఉంది. ఒకే రోజులో పిల్ల మూడుసార్లు వరస పెట్టి పిలవాలి, పెద్ద మనిషి మూడుసార్లూ పలకాలి. గోడచెవి కింద ఇత్తడి రేకు మీద చెక్కి కూడా ఉంది: పిలిస్తే పిలుపు, పలికితే వరస.

పదకొండోది ఇలా పడింది. శనివారం సాయంత్రం నాలుగూ పదికి లిఫ్టులో పదకొండో అంతస్తు లాస్యప్రియ గారు ఎక్కారు. డెబ్బై తొమ్మిదేళ్లు, భవనం వరస సంఘానికి అధ్యక్షురాలు. చేతిలో పూతరేకుల పొట్లం.

"తాయారమ్మా, నమస్కారం పెట్టవేంటమ్మా?"

"నమస్కారం మామ్మగారూ."

"నమస్కారం బంగారం. ఇదిగో, పూతరేకు తీసుకో."

"థాంక్యూ మామ్మగారూ."

"దానికేముందిలే తల్లీ."

మా అంతస్తు వచ్చింది. ఆవిడ లిఫ్టు తలుపుకి కాలడ్డం పెట్టారు. "చెప్పకుండానే ఎల్లిపోతావా?"

"వెళ్లొస్తానండీ మామ్మగారూ."

"ఎల్లి రా అమ్మా."

లిఫ్టు గోడలో పచ్చదీపం వెలిగి ఆరింది. నేను పక్కనే ఉన్నాను. నిబంధన తెలిసినదాన్ని. పిల్ల మర్యాదగా మాట్లాడిందని మురిసి తల కూడా నిమిరాను. పెద్దవాళ్లతో ఏ మాటన్నా చివర వరస ఉండాలని నేర్పింది నేనే. ఒక్కసారి మానేసినా ఆ మాట మళ్లీ చెప్పించేదాన్ని.

నిన్నటి దాకా తాయారు మేలుకుని ఉండే పద్నాలుగు గంటల్లో ఐదు మావి. ఈ రోజు నుంచి నాలుగు. స్నానం, జడలు, రెండు పూటల తిండి, పాఠం అందులోనే. పన్నెండో వరస పడితే ఇంటింటికీ తిరగడం పిల్లకి శ్రమ అని ప్రభుత్వం జాలిపడుతుంది. పది రోజుల్లో ఇరవై రెండో అంతస్తుకి మారుస్తుంది. ఆ ఉమ్మడి అంతస్తు చూశాను. మధ్యలో మంచం, బొమ్మలు, చుట్టూ మెత్తని కుర్చీలు పన్నెండు. తల్లిదండ్రులకి ఆదివారం రెండు గంటలు.

ఆగస్టు 8, బుధవారం

గోడచెవిని పరీక్షించాను. తప్పుడు తూకాన్ని పట్టడం నాకు చేతనైన ఒకే విద్య. లిఫ్టు, నడవా, వంటగది, మెట్లు, నాలుగు చోట్ల కలిపి నలభైసార్లు పిలిచాను. గట్టిగా, మెల్లగా, గుడ్డ అడ్డం పెట్టుకుని, నీళ్లు పడుతుండగా. ప్రతిసారీ గోడ మీద ఒకటే వరుస: "పిలుపు: తాతగారూ. పలికినవారు: లేరు." నేను కావాలని దగ్గితే దగ్గు అని వేసింది. నలభైకి నలభై సరి. నా ఉద్యోగంలో ఇంత నిఖార్సైన సాధనాలు మూడే చూశాను. వాటిని చూసినప్పుడు సంతోషించాను. దీన్ని చూస్తే ఒళ్లు మండింది.

పరీక్షకి తోడున్నది ఎదురింటి యశ్వంత్ గారు. ఎనభై ఆరేళ్లు. రేవులో ఓడల్ని లాగే టగ్గు మీద సరంగుగా చేసి మానేశారు. రోజూ నడవా చివర కిటికీ దగ్గర కూర్చుని ఓడలు చూస్తారు. ఈ భవనంలో నేను తిట్టుకోని మనిషి ఆయనొక్కరే. తాయారు "తాతగారూ" అని పిలిచినప్పుడల్లా ఆయన భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కుడిచేతి రెండు వేళ్లు పైకెత్తుతారు. ఎందుకలా అని ఈ రోజే అడిగాను.

"ఇంజను మోతలో మాట ఇనపడదు కదండీ. పైనుంచి కేకేస్తే కింద మేం రెండేళ్లెత్తేవోళ్లం. ఇన్నాను, వస్తన్నాను అని. పలికితే లెక్కలోకొచ్చేత్తాను, ఇన్‌స్పెక్టరమ్మగారూ. చెయ్యెత్తితే రానండి. ఆయ్."

"మీకు వరస అక్కర్లేదా?"

"పిల్ల పిలుత్తుంది కదండీ. ఇంకేం గావాలి?"

ఆగస్టు 11, శనివారం

పొద్దున్న ఏడింటికి జడలు వేస్తూ కొత్త పాఠం మొదలుపెట్టాను. ఇక వరస పెట్టి ఎవరినీ పిలవకూడదు. ఉత్త పేరు.

"లాస్యప్రియా, అను."

"మామ్మగారూ అనాలి కదా?"

"అనక్కర్లేదు."

"పేరు పెట్టి పిలిస్తే కళ్లు పోతాయన్నారు మీరు."

"అన్నాను."

"మరి పోవా?"

"పోవు."

"మరెందుకన్నారూ?"

పక్కగదిలో క్రేను నడుపుతున్న వల్లిక చెవుల మీది హెడ్‌సెట్టు తీసేసింది. "చెప్పండత్తయ్యా. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

"నువ్వు నీ కంటైనరు చూసుకో. పడేస్తావు."

పడెయ్యలేదు గాని నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు విని ఐదు రోజులైంది. పాఠం నలభై నిమిషాలు సాగింది. తాయారు పేరు అన్నప్పుడల్లా ముందు కళ్లు గట్టిగా మూసుకుంటుంది.

ఆగస్టు 12, ఆదివారం

మొదటి ప్రయోగం. లాస్యప్రియ గారి గంటలు బుధ, ఆదివారాలు. తొమ్మిదింటికి పిల్లని తీసుకెళ్లాను. తలుపు తీశారు.

"లాస్యప్రియా!" అంది తాయారు. మంచి గొంతు. అక్షరం పోలేదు.

ఆవిడ పలకలేదు. పిల్ల వైపు కాకుండా నా వైపు చూశారు.

"పెంపకం బాగుందండీ జాహ్నవిగారూ. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషిని పాలేరుని పిలిచినట్టు పిలిపిస్తన్నారు."

"లిఫ్టు తలుపుకి కాలడ్డం పెట్టే మనిషికి ఆ పిలుపు ఎక్కువే."

"నేనేం దొంగతనం చేసేనా? చట్టంలో ఉన్నదే చేసేను."

"కాటా కింద అయస్కాంతం పెట్టిన వాళ్లు కూడా నాతో ఇదే అనేవాళ్లు."

"చట్టం నేనొక్కద్దాన్నే తెచ్చేనాండీ?" ఆవిడ గొంతు తగ్గించారు. "ఎనభై ఎనిమిదిలో ఓటింగు క్యూలో నా ముందు నిలబడ్డదెవరో నాకు గుర్తుంది. ఆకుపచ్చ చీర. చెయ్యి కూడా వణకలేదు."

తలుపు వేసేశారు. పిల్ల లోపల, నేను బయట. మూడు గంటల ముప్పై నిమిషాలు.

ఆగస్టు 14, మంగళవారం

ఆవిడ చెప్పింది నిజం. ఈ పుస్తకంలో నిజం కానిది రాయనని మొదటి రోజే అనుకున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.

2088 నవంబరు 9. వరస చట్టం మీద ఓటు. నాకు అరవై ఆరేళ్లు. ప్రద్యుమ్న పిల్లలు వద్దనుకున్నామని అప్పటికి రెండుసార్లు చెప్పాడు. దేశం అప్పటికే అన్నీ చేసి చూసింది. కన్నవాళ్లకి ఇళ్లిచ్చింది, ఏళ్ల తరబడి సెలవులిచ్చింది, ఉయ్యాల పండగలని పెట్టి ఊరూరా ఊరేగింపులు తీసింది. మా వీధిలోని బడిని ముందు గుడ్డల కొట్టు చేశారు, తర్వాత మోకాళ్ల వైద్యశాల చేశారు. పుట్టని వాళ్ల కోసం ఎంతకాలం ఎదురుచూస్తాం, పుట్టిన వాళ్లనే పంచుకుందాం అన్నారు. ఓటర్లలో నూటికి డెబ్బై ఒక్కరు అరవై దాటిన వాళ్లం. వద్దనేవాళ్లెవరు? పిల్లల తల్లిదండ్రులు. వాళ్లు నూటికి నలుగురు.

నేను అవును అని వేశాను. నా పేరూ లాటరీలో వస్తుందనుకున్నాను. రెండేళ్ల తర్వాత వల్లిక మనసు మార్చుకుంది.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు అన్నం దగ్గర వల్లికకి చెప్పాను. కంచంలో చెయ్యి ఆగింది.

"తాయారు పుట్టినప్పుడు పురుటిగది బయట మీరు ఏడ్చారు. సంతోషం అనుకున్నాను."

"సంతోషమే. భయం కూడా."

"డాక్టరమ్మ మొన్న కూడా ఫోన్ చేసింది. ఇంకొకరిని కనొచ్చుగా, ఆరోగ్యంగా ఉన్నావు, దేశానికి మంచిది అని." కంచం పక్కకి జరిపింది. "కని? పన్నెండు మందికి పంచిపెట్టనా అత్తయ్యా, పేరంటంలో శనగల్లాగా?"

కంచాలు నేనే తీశాను.

ఆగస్టు 24, శుక్రవారం

ఎనిమిదీ ఇరవైకి జరిగింది. వరస ప్రకారం రాస్తాను.

ఎనిమిదీ పద్దెనిమిది: తాయారుని ఐదో అంతస్తులో అప్పగించడానికి బయల్దేరాం. ఎడమ జడకి రిబ్బను లేదని చూశాను. పిల్లని నడవాలో నిలబెట్టి లోపలికి వెళ్లాను. రిబ్బను లేకుండా పంపితే ఏమయ్యేది? ఏమీ కాదు.

ఎనిమిదీ ఇరవై: దబ్బున చప్పుడు.

"తాతగారూ!"

"ఆఁ..."

"తాతగారూ, లెగండి!"

"ఆఁ... తల్లీ..."

నేను తలుపు దాకా వచ్చేసరికి యశ్వంత్ గారు కిటికీ కింద ఒక పక్కకి ఒరిగి పడి ఉన్నారు. మూతి వంకరపోయింది. తువ్వాలు అందనంత దూరంలో పడింది. పిల్ల ఆయన చొక్కా పట్టుకుని గుంజుతోంది. నేను "తాయారూ!" అని అరిచాను. దాని నోరు మూయడానికే అరిచాను. ఆ ముక్క కూడా రాస్తున్నాను. మనిషి చచ్చిపోతున్నాడేమోనని కాదు, మూడోది పడుతుందేమోనని అరిచాను.

"తాతగారూ!"

"ఏం... తల్లీ..."

పచ్చదీపం వెలిగింది. అదే క్షణంలో గోడచెవి వైద్యులని కూడా పిలిచింది. ఐదు నిమిషాల్లో వచ్చారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని చెప్పారు. ఆ గోడచెవి తనని తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది.

సాయంత్రం తాయారుని కూర్చోబెట్టి అడిగాను. గట్టిగా అడగలేదు.

"పదమూడు రోజులు నేర్పాను కదా. పేరు పెట్టి ఎందుకు పిలవలేదు?"

"పేరు పెట్టి పిలిస్తే తాతగారు లెగరేమో అనిపించింది మామ్మా."

గోడ మీద అంకె: పన్నెండు. సెప్టెంబరు 3, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి సిబ్బంది వస్తారు. పిల్ల బట్టలు ఒక పెట్టెకి మించకూడదట.

ఆగస్టు 27, సోమవారం

వరస కార్యాలయానికి వెళ్లాను. గుమాస్తా పేరు సూర్యారావు, ముప్పై దాటినట్టు లేడు. ఆ గదిలో యాభై లోపు మనిషి అతనొక్కడే. అందరూ అతన్నే చూస్తున్నారు, కొట్టు అద్దంలోని బొమ్మని చూసినట్టు.

"వరస తెంచుకోవడం ఉందాండీ?" అని అడిగాను.

"ఉందండి. పిల్ల ఉత్త పేరుతో మూడుసార్లు పిలవాలండి. పెద్దవాళ్లు మూడుసార్లూ పలకాలండి. అంకె ఒకటి తగ్గుద్దండి. పదకొండైతే పిల్ల ఇంట్లోనే ఉంటాది."

"పడి ఉన్న మనిషి మూలుగుని పలకడం అంటారా?"

రికార్డు తెరిచి వినిపించాడు. మూడోసారి "ఏం తల్లీ" స్పష్టంగా ఉంది. యంత్రం తప్పు చెయ్యలేదు. నాకు తెలిసిందే.

"యశ్వంత్ గారు తెంచుకోడానికి ఒప్పుకుంటే?"

"ఆయన పలికితే సాలండి."

ఇంటికొచ్చి తాయారుని తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను, అక్కడా గోడచెవి ఉంది. తాయారు మంచం పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, నేను నేర్పినట్టే అంది: "యశ్వంత్!"

ఆయన నోరు తెరిచారు. శబ్దం రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. మళ్లీ ప్రయత్నించారు. ఆఖరికి పనిచేస్తున్న ఎడమచెయ్యి దుప్పట్లోంచి తీసి రెండు వేళ్లెత్తారు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. మాట రావడానికి ఎన్నాళ్లు పడుతుందని వైద్యుణ్ణి అడిగాను. నెలలన్నాడు.

సూర్యారావుకి ఫోన్ చేసి చెప్పాను.

"పాపం అండి. కానీ చెయ్యెత్తితే లెక్కలోకి రాదండి."

"తెలుసు" అన్నాను.

ఆగస్టు 29, బుధవారం

పన్నెండు పేర్ల కాగితం పట్టుకుని బయల్దేరాను. నా పేరు, యశ్వంత్ గారి పేరు తీసేస్తే పది. ఒక్కరు చాలు, పిల్ల ఉత్త పేరుతో పిలిస్తే పలకడానికి.

లాటరీ వాళ్ల తొమ్మిది తలుపులూ తట్టాను. ఐదో అంతస్తు తన్విగారు కాఫీ ఇచ్చి లేదన్నారు. పద్నాలుగులో ఒకాయన, పిల్ల పైనే ఉంటే దానికి మెట్లెక్కే బాధ తప్పుతుందన్నాడు, లిఫ్టు ఉందన్న సంగతి మర్చిపోయి. ఇద్దరు తలుపు తియ్యలేదు. తొమ్మిది ఎర్ర గీతలు.

ఆఖరున లాస్యప్రియ గారు. ఈసారి లోపలికి రమ్మన్నారు. గోడ నిండా తాయారు గీసిన బొమ్మలు, మూడు వారాలవి, తేదీల వారీగా అంటించి ఉన్నాయి. తేదీలు సరిగ్గా వేశారు. ఆ ఒక్క విషయంలో తప్పు పట్టలేకపోయాను.

"మీరు మూడుసార్లు పలికితే పిల్ల తల్లి దగ్గరుంటుంది."

"మరి నా దగ్గర?"

"మీ దగ్గరికి మామూలుగా పంపిస్తాను. చట్టం లేకపోయినా."

"పంపరు. నేనైతే పంపను." ఆవిడ నవ్వారు, ఎగతాళిగా కాదు. "జాహ్నవిగారూ, నాకు డెబ్బై తొమ్మిదొచ్చేయి. ఆ రోజు లిఫ్టులో పిలిచేదాకా నన్ను మామ్మా అన్నోళ్లు లేరు. మూడుసార్లు అంది. ఆ మూడూ రికార్డులోంచి తీయించి పెట్టుకున్నాను. రోజూ ఇంటాను. మీకు నవ్వొస్తాది."

నవ్వు రాలేదు. జాలి కూడా రాకూడదని ప్రయత్నించాను.

"పిల్లని తల్లి నుంచి లాక్కుని వినే పాట అది."

"మనందరం కలిసే లాక్కున్నాం కదండీ."

పదో ఎర్ర గీత గీశాను. యశ్వంత్ గారి పేరు మీద కూడా గీశాను, అది ఎవరి తప్పూ కాదు కాబట్టి పెన్సిలుతో. కాగితం మీద గీత లేని పేరు ఒకటే మిగిలింది. మొదటిది.

ఆగస్టు 31, శుక్రవారం

సూర్యారావుని మళ్లీ కలిశాను.

"రక్తవరసని తెంచుకోవచ్చా?"

అతను నా ముఖంలోకి చూశాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదండి." పుస్తకం తిరగేశాడు. "కుదురుద్దండి. మినహాయింపేం రాయలేదు."

"ఇంట్లో ఉండొచ్చా?"

"ఉండొచ్చండి. అన్నం పెట్టొచ్చు, జడలెయ్యొచ్చు. వరస పెట్టి పిలిస్తే మటుకు పలక్కూడదు. తెగిన వరసకి మూడుసార్లు అక్కర్లేదండి. ఒక్కసారి పలికితే అతుక్కుపోద్ది. రెండోసారి తెంచడం ఉండదు."

"ఎప్పటిదాకా?"

"పిల్లకి పన్నెండేళ్లొచ్చేదాకా."

ఇంటికొచ్చి వల్లికకి చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది.

"నేను ఒప్పుకోను. అది రోజుకి ఎన్నిసార్లు మిమ్మల్ని పిలుస్తుందో తెలుసా?"

"తెలుసు. సోమవారం నుంచి లెక్కపెట్టాను. సగటున ముప్పై ఏడు."

"ముప్పై ఏడుసార్లు మీరు గోడలా ఉంటే దానికేమనిపిస్తుంది? ఎనభై ఎనిమిదిలో వేసిన ఓటుకి శిక్ష వేసుకుంటున్నారా?"

"శిక్షలు వెయ్యడం నా శాఖ కాదు. కాటా సరిచెయ్యడమే నా పని. ఒక పళ్లెంలో నేను పలకడం ఉంది, రెండో దాంట్లో నువ్వు పొద్దున్నే దాని ముఖం చూడడం ఉంది. ఏది బరువో నువ్వు చెప్పు."

వల్లిక కాసేపటికి వచ్చి, ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ లేనిది, నా పక్కన మంచం మీద కూర్చుంది. నేను పైకి పంపడానికి సర్దిన పెట్టెలోంచి తాయారు బట్టలు తీసి మళ్లీ బీరువాలో మడతపెట్టాను.

సెప్టెంబరు 1, శనివారం

తాయారుని సముద్రపొడ్డున అలల గోడ మీదికి తీసుకెళ్లాను. గాలి హోరుకి అక్కడ గోడచెవులు పనిచెయ్యవు. పరీక్షించి చూసుకున్నాను.

"నా పేరేంటి?"

"మామ్మ."

"అసలు పేరు."

"జాహ్నవి."

"రేపు హాల్లో ఆ పేరుతో పిలవాలి. చివర ఏమీ తగిలించకూడదు. ఇప్పుడొకసారి పిలువు."

తాయారు తలూపింది, వద్దని. "మీవి కాదు. మీవంటే నిజంగా పోతాయి కళ్లు."

"పోవని చెప్పానుగా."

"లాస్యప్రియగారివి వేరు. మీవి వేరు."

ఇరవై నిమిషాలు బతిమాలాను. నేను బతిమాలగా ఎవరూ చూసి ఉండరు. ఆఖరికి కళ్లు మూసుకుని, గాలిలో కలిసిపోయేంత చిన్నగా, "జాహ్నవీ" అంది.

"ఆఁ" అన్నాను.

ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. సముద్రం వైపు చూసింది, ఓడ వైపు, తన చేతివేళ్ల వైపు.

"కనిపిస్తోంది మామ్మా."

"చెప్పానా?"

"రేపు మూడుసార్లు అనేశాక మళ్లీ మామ్మా అనొచ్చా?"

"నువ్వనొచ్చు. నేను పలకను. పలికితే నిన్ను పైకి తీసుకెళ్లిపోతారు."

"మరి మీరు విన్నారని నాకెలా తెలుస్తుంది?"

ఇంటి దాకా చెయ్యి పట్టుకుని నడిచాం. దారిలో పదకొండుసార్లు మామ్మా అంది. పదకొండుసార్లూ పలికాను.

సెప్టెంబరు 2, ఆదివారం. ఉదయం ఆరు గంటలు

ఇక జరగాల్సినవి:

1. ఏడింటికి తాయారుకి నూనె పెట్టి తలంటాలి. రెండు జడలు, రెండు రిబ్బన్లు. ఈ పని ఇక ముందు కూడా నాదే. చేతుల మీద చట్టం లేదు.

2. ఎనిమిదింటికి హాల్లో గోడచెవి ముందు తాయారు నన్ను ఉత్త పేరుతో మూడుసార్లు పిలవాలి. నేను మూడుసార్లు పలకాలి. గొంతు వణకకూడదు. వణికినా యంత్రం ఒప్పుకుంటుంది. తాయారు మాత్రం ఆగిపోతుంది.

3. గోడ మీద పదకొండు అని పడేదాకా ఎవరూ కదలకూడదు. వల్లిక రసీదు తియ్యాలి. సూర్యారావు మంచివాడే కానీ, రసీదు లేని మాట నేను నమ్మను.

4. తాయారుకి నోరు విప్పకుండా రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టడం నేర్పాలి. ఇది ఆగస్టు 6నే తట్టి ఉండాల్సింది. తట్టకపోవడం నా తప్పు.

5. లాస్యప్రియ గారి దగ్గరికి పిల్లని నిమిషం తేడా లేకుండా తీసుకెళ్లి, నిమిషం తేడా లేకుండా తీసుకురావాలి. గడియారం నాది. ఆవిడతో అవసరానికి మించి ఒక్క మాట కూడా అక్కర్లేదు.

6. నవంబరులో చట్టం మీద మళ్లీ ఓటు ఉంది. ఈ పుస్తకానికి నకళ్లు తీసి భవనంలో ప్రతి తలుపు కిందా తొయ్యాలి. ఆగస్టు 14 పేజీ తియ్యకుండా. తిడతారు. తిట్టనివ్వాలి.

7. గురువారం ఆసుపత్రికి వెళ్లి, పిల్ల ఇంట్లోనే ఉందని యశ్వంత్ గారికి చెప్పాలి. ఆయన వల్ల పిల్ల మాకు దూరం కాలేదని చెప్పాలి. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటి ఉందని కూడా.

8. 2103 మార్చి 11 వరకు తాయారు మామ్మా అని పిలిస్తే పలకకూడదు. పడిపోయి పిలిచినా, జ్వరంలో పిలిచినా, దానికి కోపం వచ్చి పిలవడం మానేసి మళ్లీ మొదలుపెట్టినా. మొత్తం 2,380 రోజులు. 2100 లీపు సంవత్సరం కాదు, సరిచూశాను.

9. పిలిచిన ప్రతిసారీ, ఏ పనిలో ఉన్నా, చేతిలో ఏముంటే అది కింద పెట్టి, దానికి కనపడేలా రెండు వేళ్లు పైకెత్తాలి.